మేజోళ్ళ తాడు

దయామణి టీచరుగారి ఇంట్లో డిసెంబరు వచ్చిందంటే వాకిట్లో నక్షత్రం కన్నా ముందు సావిట్లో తాడు కడతారు. తూర్పు గోడకి ఈ చివర ఒక మేకు, ఆ చివర ఒక మేకు, మధ్యలో లేసు దారాన్ని పేటలు పేటలుగా పురిపెట్టి పేనిన తాడు. ఇంట్లో ఎంతమంది ఉంటే ఆ తాడుకి అన్ని మేజోళ్ళు వేలాడతాయి. ఒక్కొక్కళ్ళకి ఒక్కటే, జత కాదు. పండగ ఉదయం మందిరం నుంచి వచ్చాక ఎవరి మేజోట్లో వాళ్ళు చెయ్యి పెట్టి, కమలాపండో రవ్వలడ్డో జేబురుమాలో, ఏది ఉంటే అది తీసుకుంటారు.

నరసాపురం చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్ళు చాలానే ఉన్నా ఈ పద్ధతి ఇంకెవరింట్లోనూ లేదు. దీన్ని తెచ్చింది దయామణి అత్తగారు ఎస్తేరమ్మ. ఆవిడ చిన్నతనంలో అల్లిక నేర్పే బడికి వెళ్ళేది. అక్కడి దొరసాని ఒక క్రిస్మస్‌కి పిల్లలందరికీ తలో మేజోడు ఇచ్చి, అందులో తలో కమలాపండు పెట్టిందట. పండు తిన్నాక మిగతా పిల్లలు మేజోడుని దారపు ఉండలు పెట్టుకునే సంచీ చేసుకున్నారు. ఎస్తేరమ్మ దాచుకుంది. పెళ్ళయ్యాక అత్తవారింటి గోడకి తగిలించింది. కొడుకు పుడితే దాని పక్కన ఇంకొకటి కుట్టి కట్టింది. అలా మొదలైంది.

పుట్టి వచ్చినవాళ్ళకైనా, పెళ్ళి చేసుకుని వచ్చినవాళ్ళకైనా ఆ ఇంట్లో మొదటి క్రిస్మస్‌కి మేజోడు కుట్టాలి. కుడికాలు కాయితం మీద పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీత గీయాలి. ఆ గీతని బట్టి గుడ్డ కత్తిరించాలి. పై అంచుకి ఇంట్లో అల్లిన లేసే వెయ్యాలి. లేసు కింద ఇంట్లో పిలిచే పేరు కుట్టాలి. ఒకసారి కుట్టిందాన్ని ఇక మార్చకూడదు. కాలు పెరిగినా మేజోడు పెరగదు. అందుకే, కాలవ తూములు చూసే లస్కరుగా చేసి రిటైరైన దయామణి భర్త ఏసురాజుకి తాడు మీద ఉన్నది నెలల బిడ్డ మేజోడు. అందులో లడ్డూ పెడితే పండు పట్టదు, పండు పెడితే లడ్డూ పట్టదు.

“మా అమ్మ నా తిండి సంగతి పుట్టినప్పుడే కనిపెట్టింది,” అంటాడు ఏసురాజు ఏటేటా. ఏటేటా అందరూ నవ్వుతారు.

ఎస్తేరమ్మ పోయినప్పుడు ఆవిడ మేజోడు ఆవిడ చేతిలోనే పెట్టి సమాధి చేశారు. అప్పట్నుంచి సూది దయామణి చేతికి వచ్చింది. బడిలో పాఠాలు చెప్పి వచ్చి, సాయంత్రాలు అరుగు మీద కూర్చుని అల్లేది. పెద్దకోడలు సూర్యకళకి ఆవిడే కుట్టింది. ఆమె పిల్లలకీ ఆవిడే కుట్టింది. చిన్నకోడలు కెజియాకి కుట్టింది. కెజియా కూతురు పాపాయికి కుట్టింది. అది బొటనవేలంత ఉందని అశోక్ దాన్ని వేలికి తొడుక్కుని ఇల్లంతా తిరిగాడు.

అశోక్ దయామణి చిన్నకొడుకు. రెండేళ్ళ కిందట, ఆగస్టు ముసురులో, రొయ్యల చెరువు మీద మోటారు ఆపబోయి కరెంటు కొట్టి పోయాడు. అతని మేజోడు అతనితో పంపలేదు. ఎవరో అడిగితే దయామణి విననట్టు ఉండిపోయింది. ఆ ఏడు క్రిస్మస్‌కీ, మరుసటేడూ అది తాడు మీద తన చోటనే వేలాడింది. దానిలో ఎవరూ ఏమీ పెట్టలేదు. ఎవరూ తీయమనలేదు.

కెజియా నర్సింగు చదివిన పిల్ల. పాపాయిని తీసుకుని రాజమండ్రిలో ఆసుపత్రి ఉద్యోగానికి వెళ్ళింది. అక్కడే ల్యాబులో పనిచేసే చంద్రరావుతో మళ్ళీ పెళ్ళి కుదిరితే, పుట్టింటివాళ్ళకి కూడా చెప్పకుండా ముందు బస్సెక్కి వచ్చి దయామణికి చెప్పింది. దయామణి ఆ పిల్ల తలమీద చెయ్యివేసి ప్రార్థన చేసింది. “మంచి పని చేస్తున్నావమ్మా,” అంది. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. కానీ జూన్‌లో పెళ్ళికి వెళ్ళలేదు. బడులు తెరిచే రోజులంది. ఏసురాజు ఒక్కడే వెళ్ళొచ్చాడు.

“కుర్రాడు మంచివాడే దయా. ఒక్క సంగతి...” అని ఆయన చెప్పబోతే, “అన్నం వడ్డించమంటారా?” అని లేచింది. మళ్ళీ ఒకసారి ఎత్తితే మళ్ళీ వడ్డించింది. మూడోసారి ఆయన ఎత్తలేదు.

ఆ డిసెంబరు మొదటివారంలో కెజియా ఫోను చేసింది.

“అత్తయ్యగారూ, నేనండి. తాడు కట్టేశారా?”

“కట్టాం. మీ మావయ్యగారు మేకు కొట్టబోయి వేలు మీద కొట్టుకున్నారు.”

“ప్రతి ఏడూ అదే వేలాండి?”

“ఈసారి మార్చారు.”

అటు కెజియా నవ్వింది. ఇటు దయామణి కూడా కాస్త నవ్వింది.

“సెలవు ఇచ్చారండి,” అంది కెజియా. “ఇరవై నాలుగున వస్తాం. ముగ్గురం.”

“రండమ్మా.”

“ఆయనకి మేజోడు కుడతారాండి?”

దయామణి ఫోను తీగని వేలికి చుట్టుకుంది.

“మొహమాటం లేకుండా చెప్పేయండి అత్తయ్యగారూ. కుట్టకపోతే నేనేమీ అనుకోను. మీకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కాకపోతే అందరూ లేచి గోడ దగ్గరికి వెళ్తుంటే ఆయన ఒక్కడూ కుర్చీలో కూర్చుని చూడ్డం... అది నేను చూడలేనండి. అలాగైతే ఈసారికి మానేస్తాం. పాపాయిని ఇంకెప్పుడైనా తీసుకొస్తాను.”

ఇంకెప్పుడైనా అన్న మాట దయామణికి కొత్త కాదు. పిల్లని బడి మాన్పించే తల్లి, గుమ్మంలో నిలబడి, రేపట్నుంచి పంపిస్తానండి టీచరుగారూ అంటుంది. ఆ గొంతు ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. ఆ పిల్లలు తిరిగి వచ్చింది తక్కువ. పాపాయికి నాలుగేళ్ళు నిండలేదు. రెండేళ్ళు రాకపోతే ఈ ఇల్లు మరిచిపోతుంది. అశోక్‌ది ఈ లోకంలో మిగిలింది ఆ పిల్ల ఒక్కతే.

“కుడతాను,” అంది.

“నిజంగానాండి? అయితే కొలత కావాలి కదా. కాయితం మీద గీయించి పోస్టులో—”

“అక్కర్లేదులే. నేను చూసుకుంటాను.”

వచ్చాక గీసుకుంటారేమో అని కెజియా అనుకున్నట్టుంది. “సరేనండి,” అని పెట్టేసింది.

ఆ శనివారం మధ్యాహ్నం, ఒంటిపూట బడి నుంచి వచ్చి, దయామణి ముందుగా అశోక్ మేజోడు తాడు మీంచి విప్పింది. కొత్తమనిషి వచ్చి కూర్చునే ఇంట్లో, ఎదురుగా గోడమీద పాత మొగుడి మేజోడు ఉంటే ఏం మర్యాద? ఎవరూ ఆవిడకి ఆ మాట చెప్పలేదు. తనే చెప్పుకుంది. మడత పెట్టి ట్రంకుపెట్టెలో తెల్లచీర కింద పెట్టింది. తిరిగి సావిట్లోకి వచ్చి చూస్తే తాడు మీద కెజియా మేజోడుకీ పాపాయి మేజోడుకీ మధ్య గోడ సున్నం కనబడుతోంది. ఆవిడ అటు వీపు పెట్టి కూర్చుంది.

పాదాల కాయితాలన్నీ ట్రంకుపెట్టెలోనే ఒక పాత దిండుగలీబులో ఉంటాయి. కొడుకులవి పసిపాదాలే కాక, కోడళ్ళ కొలత తీసిన ఏడు సరదాకి గీయించిన పెద్ద పాదాలూ ఉన్నాయి. అన్నీ పత్రికల కాయితాలే, పసుపు పచ్చగా మారినవి. దయామణి వాటిని తీసి చాప మీద పరిచింది. చంద్రరావు కాలు ఆవిడ చూడలేదు. మనిషినే చూడలేదు. మగవాళ్ళ పాదాలన్నీ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి కదా అనుకుంది. పెద్దకొడుకు ఉదయభాస్కర్‌ది తీయొచ్చు. ఆవిడ చెయ్యి దాని మీంచి దాటి వెళ్ళి అశోక్ కాయితం తీసింది.

పొరపాటున తీసిందని ఆవిడ తర్వాత ఎవరితోనూ చెప్పలేదు, తనతో కూడా. ఆ చోట వేలాడేది ఎవరి పేరనైనా కానీ, పాదం మాత్రం అదే అయి ఉండాలనిపించింది. బొటనవేలు కన్నా రెండోవేలు పొడుగు. మడమ వెడల్పు. నీలం రంగు షర్టు గుడ్డ రెండు పొరలు వేసి, కాయితం గుండుసూదులతో గుచ్చి, కత్తిరించింది.

కుట్టడం త్వరగానే అయింది. లేసుకి వారం పైన పట్టింది. పరీక్ష పేపర్లు దిద్దుకుని, దీపాలు పెట్టే వేళకి అరుగు మీద కూర్చునేది. దారం ఉండ ఒళ్ళో పెట్టుకుని, అల్లికసూదితో గొలుసు మీద గొలుసు వేసుకుంటూ పోయేది. వీధిన పోయేవాళ్ళు “కొత్త మేజోడాండి టీచరుగారూ, ఎవరికి?” అని అడిగితే “ఇంట్లోకే” అనేది.

సూర్యకళ ఒకరోజు కాఫీ గ్లాసు ఇచ్చి, ఒళ్ళో ఉన్నదాన్ని ఎత్తి చూసింది. పొడుగ్గా ఉన్న రెండోవేలి దగ్గర వేలు ఆనించింది.

“అత్తయ్యగారూ. ఇది మా మరిది కొలత కదండీ.”

దయామణి సూది ఆపలేదు.

“ఆ కుర్రాడికి తెలీదు,” అంది.

అరుగు చివర కొబ్బరాకు ఈనెలు చీరుతున్న ఏసురాజు తల ఎత్తాడు. “ఆ కుర్రాడికి తెలీదు నిజమే. కెజియాకి తెలీదేంటి? అశోక్ గాడి సాక్సులు ఉతికిన పిల్ల.”

“మీరు ఈనెలు చూసుకోండి. చెయ్యి తెగుతుంది.”

“చీపురు నేను ఎలాగోలా కడతాను టీచరమ్మా. నువ్వు కట్టేదే ఎలా విప్పుతావో అని.”

దయామణి లేసు పూర్తిచేసి, అంచుకి కుట్టి, ఇస్త్రీ చేసి, ఖాళీగా ఉన్న చోట కట్టింది. అది అక్కడ చక్కగా అమరింది. అమరినందుకు ఆవిడకి ఊరట కలగలేదు. రోజూ బడికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చూసేది. అది అశోక్‌ది కాదు, వచ్చేవాడిదీ కాదు. పేరు కుట్టాల్సిన చోట ఇంకా ఏమీ కుట్టలేదు.

ఇరవై నాలుగున మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఆటో వచ్చి ఆగింది. ముందు పాపాయి దిగింది. వాకిట్లో ముగ్గు తొక్కుతూ పరిగెత్తుకొచ్చి దయామణి మోకాళ్ళు వాటేసుకుంది.

“నాయనమ్మా, నాకు పన్ను కదుల్తోంది. ముట్టుకో.”

“అప్పుడేనా? అబద్ధం.”

“ముట్టుకో మరి!”

కదలడం లేదు. దయామణి ముట్టుకుని, “అవునే, కదుల్తోంది,” అంది.

కెజియా బ్యాగులు దింపింది. ఆమె వెనక చంద్రరావు దిగాడు. పొడగరి, చామనఛాయ. చేతిలో ఆత్రేయపురం పూతరేకుల పెట్టె. ఒక అడుగు వేశాడు. రెండో అడుగుకి ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగి మళ్ళీ లేచింది. కుడికాలికి నల్ల బూటు ఉంది. దాని అడుగు బెత్తెడు ఎత్తు.

దయామణి భర్త వైపు చూసింది.

“చెప్పలేదేంటి?” అంది గొంతు తగ్గించి.

“చెప్పబోతే అన్నం వడ్డించేదానివి,” అన్నాడు ఏసురాజు. “ఆర్నెల్లలో ఒక్కసారైనా ఆ కుర్రాడి గురించి ఒక్క మాట అడిగావా?”

చంద్రరావు వచ్చి దణ్ణం పెట్టి, “నమస్తే టీచరుగారండి,” అన్నాడు. పూతరేకుల పెట్టె ఎవరికివ్వాలో తెలియక పాపాయికే ఇచ్చాడు. లోపలికి రమ్మంటే, “ఇక్కడ గాలి బాగుందండి,” అని అరుగు మీదే కూర్చున్నాడు. ఆ బూటు విప్పితే ఆ కాలు నేలకి ఆనదు. విప్పకుండా లోపలికి రావడం మర్యాద కాదు. దయామణికి అది కాసేపటికి గాని అర్థం కాలేదు.

సావిట్లోకి వెళ్ళిన కెజియా మాత్రం బ్యాగు కింద పెట్టలేదు. గోడకేసి చూస్తోంది. తిన్నగా ఆ నీలం మేజోడు దగ్గరికి వెళ్ళి, అరచెయ్యి దాని మీద ఆనించి, మడమ నుంచి వేలి దాకా ఒకసారి నిమిరింది.

“ఇది ఎవరి పాదమండి?”

అబద్ధం చెప్పే అలవాటు దయామణికి లేదు. “అశోక్‌ది,” అంది.

“మరి అశోక్ మేజోడు?”

“పెట్టెలో పెట్టాను.”

“ఎందుకండి?”

“కొత్తమనిషి వస్తున్నాడు కదమ్మా. ఎదురుగా అది ఉంటే ఏం బాగుంటుంది అని.”

కెజియా బ్యాగు కింద పెట్టింది. మాట్లాడ్డానికి ముందు వీధి తలుపు దగ్గరగా వేసింది.

“బస్సులో దారంతా ఆయన నన్ను ఏం అడిగారో తెలుసాండి? పాపాయి వాళ్ళ నాన్నది తాడు మీద ఎటుపక్క ఉంటుంది అని. నాది ఎక్కడో చివర కట్టమను, అశోక్‌గారిదానికి అడ్డం రాకూడదు అని. పాలకొల్లు దాటాక మళ్ళీ అదే మాట.” ఆమె మళ్ళీ గోడ దగ్గరికి వచ్చింది. “ఆయన్ని అశోక్ చోట కూర్చోబెట్టడానికి నేను తీసుకురాలేదండి. ఆయనకి అంత చోటు వద్దు కూడా.”

“ఆ ఖాళీ చూడలేకపోయానమ్మా,” అంది దయామణి. “తీసింది నేనే. తీశాక చూడలేకపోయాను.”

“మీరు ఒక్కరేనాండి?”

వంటింటి గుమ్మంలో సూర్యకళ గరిట పట్టుకుని నిలబడింది, ముందుకి రాలేక, వెనక్కి పోలేక. కెజియా కొంగుతో మొహం తుడుచుకుంది. అత్తగారింట్లో ఏది ఎక్కడుంటుందో తెలిసిన మనిషి గనక, అడక్కుండానే వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచింది. తెల్లచీర కిందనుంచి అశోక్ మేజోడు తీసి, మడతలు చేత్తో సాపు చేసింది. నీలం దాన్ని విప్పి దయామణి చేతిలో పెట్టి, ఆ చోట అశోక్‌ది కట్టింది. ముడి బిగించాక కాసేపు అలాగే చెయ్యి తీయలేదు.

“మరి ఇది?” అంది దయామణి చేతిలో దాన్ని చూపించి.

“ఆయన పాదం ఇక్కడే ఉందిగా అండి,” అంది కెజియా. “అరుగు మీద.”

దయామణి నిన్నటి పత్రికలోంచి ఒక కాయితం చింపింది. ఎర్రపెన్సిలు పక్కన పెట్టి నల్లపెన్సిలు తీసుకుంది. వీధి తలుపు తీసింది.

అరుగు మీద చంద్రరావు ఒళ్ళో పాపాయి కూర్చుని, కదలని పన్నుని అతని చేత కదిలిస్తోంది. దయామణిని చూసి అతను లేవబోయాడు.

“కూర్చోండి. మీ కొలత తీసుకోవాలి.”

“మేజోడుకాండి?” అతను చూపు దించుకున్నాడు. “కెజియా చెప్పింది. నేను ఎడమకాలు ఇస్తానండి. అది శుభ్రమైన కాలు.”

“మా ఇంట్లో అందరికీ కుడికాలే.”

“టీచరుగారండి, దీనికి చిన్నప్పుడు పోలియో వచ్చింది. మా చెల్లెలి కొడుకు కాలంత ఉంటుంది. కొలతకి పనికిరాదు.”

“మా ఆయనకి నెలల పిల్లాడి కాలు ఉంది తాడు మీద. అదే కొలతకి పనికొచ్చింది.”

లోపలి నుంచి ఏసురాజు, “విన్నానే!” అన్నాడు.

చంద్రరావు నవ్వాడు గాని బూటు జోలికి పోలేదు. పాపాయి ఒళ్ళోంచి దిగి, తెలిసినదాన్లా బూటు తాడు లాగింది. “డాడీకి నేనే విప్పుతాను రోజూ,” అని నాయనమ్మకి చెప్పింది. బూటు వచ్చింది. లోపల ఒకదాని మీద ఒకటి రెండు సాక్సులు. అవీ వచ్చాయి.

పాదం సన్నగా, నున్నగా, పెద్దగా ఎండ చూడని రంగులో ఉంది. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. మడమ పైకి లాక్కుపోయి నేలకి ఆనడం లేదు.

“ఇది పొదుపు కాలండి,” అన్నాడు చంద్రరావు. “గుడ్డ కలిసొస్తుంది.”

దయామణి నవ్వలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. కాయితం నేలమీద పరిచింది. అతని కాలు అందుకోవడానికి చెయ్యి చాచింది. అతను చటుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు.

“వద్దండి. మీరు పెద్దవారు. మీరు నా కాలు ముట్టుకోవడమేంటండి? పెన్సిలు ఇలా ఇవ్వండి, నేను గీసుకుంటాను.”

“మీరు గీస్తే గీత వంకరపోతుంది. బడిలో ఎంతమంది పిల్లల కాళ్ళలో ముళ్ళు తీశానో నాకే లెక్కలేదు. పెట్టండి.”

“వాళ్ళు పిల్లలండి.”

“నాకు మీరు ఎవరు మరి?”

అడిగాక గాని ఆ ప్రశ్నకి జవాబు తన దగ్గర కూడా లేదని దయామణికి తట్టలేదు. అతను కాలు కాయితం మీద పెట్టాడు.

పెన్సిలు మడమ దగ్గర మొదలుపెట్టాలి. మడమ కాయితానికి అంటడం లేదు. దయామణి ఎడమ అరచేతిని దాని కింద పెట్టి, మెల్లిగా కిందికి ఒత్తింది. చల్లగా ఉంది. చేతికింద చిన్న నరం కొట్టుకుంటోంది.

“నొప్పా?”

“చలికాలం కొంచెం అండి. ఒత్తితే బాగానే ఉంటుంది. మా అమ్మ ఆముదం రాసి ఒత్తేది. రోజూ సాయంత్రం, ఇలాగే, అరుగు మీద. నిటారుగా అవుతుందని ఆవిడ నమ్మకం.”

“ఉన్నారా అమ్మగారు?”

“పోయారండి. నేను ఇంటర్లో ఉండగా.”

“పేరేంటి?”

“శ్యామలాంబండి.”

దయామణి పెన్సిలు కదిపింది. మడమ చుట్టూ, సన్నని లోపలి ఒంపు పక్కగా, ముడుచుకున్న వేళ్ళని ఒక్కొక్కటే వేలితో సాపు చేసి పట్టుకుని, వాటి కొనల మీదుగా. చిటికెనవేలి దగ్గర కాయితం చిరగబోతే ఆగి, మళ్ళీ గీసింది. గీత మొదలైన చోటికి వచ్చి కలిసింది. ఆవిడ చెయ్యి తీయలేదు. రెండేళ్ళుగా ఆ చేతులు పేపర్లు దిద్దాయి, అన్నం వండాయి, లేసు అల్లాయి. ఆ రెండేళ్ళలో ఎవరి కాలూ ఇలా పట్టుకోలేదు. ఆవిడ తల ఎత్తి చూడలేదు. చూస్తే అతను మొహం పక్కకి తిప్పుకోవాల్సి వస్తుందని తెలుసు.

“అయిపోయిందా నాయనమ్మా?” అంది పాపాయి.

“అయింది.”

ఆవిడ కాయితం ఎత్తి వెలుగుకి పెట్టి చూసింది. అది పెట్టెలో ఉన్న ఏ కాయితంలాగా లేదు. “పేరు కుట్టాలి,” అంది. “ఇంట్లో ఏమని పిలిచేవారు?”

“చంద్రరావేనండి.”

“అది ఆసుపత్రిలో. ఇంట్లో?”

అతను సిగ్గుపడ్డాడు. “బుల్లియ్య అనేవారండి. ఇప్పుడు ఎవరూ పిలవరు.”

గుమ్మంలో కెజియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “నాకెప్పుడూ చెప్పలేదు!”

“చెప్తే వార్డంతా పిలుస్తావని.”

ఏసురాజు బయటికి వచ్చాడు. “బజారుకెళ్ళి గుడ్డ తేనా దయా? కొట్లు ఇంకా మూయరు.”

“అక్కర్లేదు. దీన్నే విప్పుతాను.” దయామణి చంకలో పెట్టుకున్న నీలం మేజోడు తీసి చూసింది. “ఇందులో అతనిది సరిపోతుంది. లేసు అలాగే పనికొస్తుంది.”

“అంత కుట్టూ విప్పుతావా?”

“విప్పాలి కదండీ. తప్పు కుట్టాను.”

లేవబోయింది. మోకాళ్ళు సహకరించలేదు. అరుగు అంచు పట్టుకోబోతే చేతులు రెండూ నిండా ఉన్నాయి, ఒకదానిలో కాయితం, ఒకదానిలో మేజోడు. చంద్రరావు చెయ్యి చాచాడు. ఒంటికాలి మీద నిలబడ్డ మనిషి, బూటు లేకుండా, గోడకి భుజం ఆనించుకుని.

“చూసుకోండిరా బాబూ, ఇద్దరూ కలిసి పడతారు,” అన్నాడు ఏసురాజు, అక్కడ్నుంచి కదలకుండా.

“పడమండి మావయ్యగారూ. నాకు పడ్డం అలవాటు, ఎలా పడకూడదో తెలుసు.”

దయామణి కాయితాన్ని పళ్ళతో పట్టుకుని, ఖాళీ అయిన చేత్తో అతని చెయ్యి పట్టుకుంది. బరువు వేసింది. అతను ఒరిగాడు, ఆగాడు, ఆవిడ లేచి నిలబడింది. ఊపిరి తీసుకుని, నోట్లోంచి కాయితం తీసింది.

“బూటు తొడుక్కుని లోపలికి రా,” అంది. “గచ్చు మళ్ళీ కడుక్కోవచ్చు. సూర్యకళా, కత్తెర ఇలా అందుకోమ్మా. మందిరానికి వెళ్ళేలోగా అవ్వాలి.”